బాడుగ నియంత్రణ: తిరుపతి, చిత్తూరు ప్రాంతం

యజమాని తోచినట్టు అద్దె పెంచకుండా, పెంచినంత ఇవ్వలేదని ఇంట్లో ఉన్నవాళ్ళను వీధిన పడేయకుండా ప్రభుత్వం చట్టంతో వేసే కట్టడిని బాడుగ నియంత్రణ అంటారు. కోస్తాలో అద్దె, తెలంగాణలో కిరాయి, దక్షిణ రాయలసీమలో బాడుగ. తమిళుల వాడగైకీ, కన్నడిగుల బాడిగెకూ ఈ మాట దగ్గరి చుట్టం. తిరుపతి, చిత్తూరు, మదనపల్లె వీధుల్లో ఇల్లు వెతికేవాళ్ళు "బాడుగకు ఇల్లుండాదా?" అనే అడుగుతారు. నెలనెలా ఇచ్చే పద్ధతి కాక ఒకేసారి పెద్ద మొత్తం ఇచ్చి, ఖాళీ చేసేటప్పుడు వెనక్కి తీసుకునే పద్ధతి కూడా ఇక్కడ ఉంది. దాన్ని భోగ్యం అంటారు, కొందరు లీజు అంటారు. ఈ వ్యాసం ముఖ్యంగా నెలబాడుగ గురించి.

ఈ ప్రాంతంలో బాడుగ మీద ప్రభుత్వ కట్టడి మద్రాసు ప్రభుత్వ కాలంలో, రెండో ప్రపంచయుద్ధం నడుస్తుండగా మొదలైంది. 1960లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దాన్ని స్థిరమైన చట్టంగా మార్చింది. 1983 తర్వాత మినహాయింపులు ఒక్కొక్కటే వచ్చి దాన్ని గుల్ల చేశాయి. 2017లో వచ్చిన కొత్త చట్టంతో "ఎంత బాడుగ న్యాయం" అని తేల్చే పని అధికారి చేతినుంచి ఒప్పంద పత్రం మీదికి మారింది. ఆ పత్రాన్ని మనవాళ్ళు ఎలా రాసుకుంటున్నారన్నదే ఇప్పుడు అసలు చిక్కు.

యుద్ధం తెచ్చిన చట్టం

బాడుగ నియంత్రణ చాలాచోట్ల యుద్ధాల వెంటే వచ్చింది. 1915లో స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో ఆయుధ కర్మాగారాల పనివాళ్ళు ఎక్కువవడంతో ఇళ్ళ యజమానులు అద్దెలు పెంచారు. మేరీ బార్బర్ వంటి మహిళలు ముందుండి అద్దె కట్టకుండా సమ్మె నడిపారు. ఆ ఏడాది ముగిసేలోపే బ్రిటిష్ పార్లమెంటు అద్దెలను బిగించే చట్టం చేసింది. మన దేశంలో బొంబాయికి 1918లో, కలకత్తాకు 1920లో ఇలాంటి చట్టాలు వచ్చాయి.

చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. ఉత్తర ఆర్కాటు నుంచి కొన్ని తాలూకాలు, కడప నుంచి మదనపల్లె వైపు తాలూకాలు వచ్చి కలిశాయి. ఇదంతా మద్రాసు రాజధానిలోని ప్రాంతం కాబట్టి మద్రాసు చట్టమే ఇక్కడి చట్టం. రెండో ప్రపంచయుద్ధంలో భారత రక్షణ నిబంధనల కింద మద్రాసు ప్రభుత్వం ఇళ్ళ అద్దెల మీద ఉత్తర్వులు ఇచ్చింది. 1942 ఏప్రిల్‌లో జపాను బాంబుల భయంతో మద్రాసు జనం లోపలి ఊళ్ళకు తరలివెళ్ళిన రోజులవి. యుద్ధం అయిపోయినా ఇళ్ళ కొరత తీరలేదు. అందుకని ఉత్తర్వుల స్థానంలో 1946లో ఒక చట్టం, 1949లో దానికి బదులు మరో చట్టం వచ్చాయి. ఆంధ్ర రాష్ట్రం 1953లో విడిపోయినప్పుడు 1949 నాటి మద్రాసు చట్టం మనతోపాటే వచ్చింది. అటు హైదరాబాదు రాష్ట్రానికి 1954 నాటి చట్టం ఉండేది. 1956లో రెండు ప్రాంతాలు కలిసినాక ఒకే రాష్ట్రంలో రెండు బాడుగ చట్టాలు నడిచాయి. వాటిని ఒకటి చేస్తూ వచ్చిందే 1960 నాటి ఆంధ్రప్రదేశ్ భవనాల (లీజు, అద్దె, ఖాళీ చేయింపు) నియంత్రణ చట్టం.

అదే ఏడాది ఇంకో సంగతి జరిగింది. ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాల సరిహద్దు మీద పటాస్కర్ చేసిన సూచనల ప్రకారం 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా, పుత్తూరు తాలూకాలో కొంతభాగం మద్రాసు రాష్ట్రానికి వెళ్ళాయి. మద్రాసు కూడా ఆ ఏడాదే తన పాత చట్టాన్ని తిరగరాసుకుంది. ఒకే తల్లి కడుపున పుట్టిన రెండు చట్టాలు సరిహద్దుకు చెరోవైపు పెరిగాయన్నమాట. తర్వాత తమిళనాడు దారి మారింది. 1973 సవరణతో భవనం విలువను లెక్కగట్టి, దానిమీద నివాసానికి ఏడాదికి 9 శాతం, దుకాణానికి 12 శాతం చొప్పున న్యాయమైన అద్దె తేల్చే పద్ధతి పెట్టుకుంది. సిమెంటు, ఇటుక ధర పెరిగితే అద్దె కూడా లెక్కప్రకారం పెరిగేది. మన చట్టంలో అలాంటి సూత్రం రాలేదు.

1960 చట్టం ఏం చెప్పింది

ఈ చట్టం పురపాలక సంఘాలున్న ఊళ్ళకు వర్తించేది. తిరుపతి 1886 నుంచి మునిసిపాలిటీయే కాబట్టి మొదటినుంచీ దీని కిందికి వచ్చింది. ఊరిని ఆనుకుని ఉన్న తిరుచానూరు, అవిలాల వంటి పంచాయతీలలో మాత్రం ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప ఈ రక్షణ ఉండేది కాదు. రోడ్డుకు ఇటు ఉన్న ఇంటికి ఒక న్యాయం, అటు ఉన్న ఇంటికి ఇంకో న్యాయం. పంచాయతీ వైపు ఉన్నవాళ్ళకు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే దిక్కు. దాని ప్రకారం నెలబాడుగ మీద ఉన్నవాళ్ళను 15 రోజుల నోటీసుతో ఖాళీ చేయమనవచ్చు. కారణం చెప్పనక్కరలేదు.

1960 చట్టానికి గుండెకాయ నాలుగో సెక్షను. అద్దెదారు గానీ యజమాని గానీ రెంట్ కంట్రోలరుకు అర్జీ పెడితే ఆయన విచారించి "న్యాయమైన అద్దె" నిర్ణయించేవాడు. ఆ పని సాధారణంగా ఆ ఊరి జూనియర్ సివిల్ జడ్జి చేతిలో ఉండేది. లెక్కకు ఆధారం 1944 ఏప్రిల్ 5కు ముందు పన్నెండు నెలల్లో ఆ వీధిలో అలాంటి ఇళ్ళకు పలికిన అద్దె, మునిసిపాలిటీ ఇంటిపన్ను పుస్తకంలో రాసుకున్న అద్దె విలువ. దానిమీద ఫలానా శాతం వరకు పెంచవచ్చని చట్టం పరిమితులు పెట్టింది. 1944 తర్వాత కట్టిన ఇళ్ళకు లెక్క కాస్త వేరు. ఒకసారి తేలిన అద్దెను మళ్ళీ పెంచాలంటే యజమాని తన డబ్బుతో ఇంటికి కొత్తగా ఏదైనా కట్టి ఉండాలి, బాగుచేసి ఉండాలి, లేదా పన్ను పెరిగి ఉండాలి. ఊరికే "రేట్లు పెరిగినాయి" అంటే చెల్లేది కాదు.

ఇంటిపన్ను పుస్తకాన్ని ఆధారం చేసుకోవడంలో ఒక చమత్కారం ఉంది. ఇంటిపన్ను అప్పట్లో ఏడాది అద్దె విలువ మీద లెక్కించేవాళ్ళు. పన్ను తగ్గుతుందని మునిసిపాలిటీ వాళ్ళకు తక్కువ అద్దె చెప్పిన యజమానికి కోర్టులో ఆ పుస్తకమే ఎదురు సాక్షి అయ్యేది. 2021 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఇంటిపన్నును ఆస్తి మూలధన విలువ మీద వేస్తున్నారు. ఆ సాక్షికి ఇప్పుడు పని తప్పింది.

అడ్వాన్సు మీద కూడా ఈ చట్టం కత్తెర వేసింది. ఒక నెల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోకూడదని, పగిడీ, గుడ్‌విల్ వంటి పేర్లతో పైడబ్బు అడగకూడదని రాసింది. తిరుపతి గాంధీరోడ్డులోనో చిత్తూరు బజారువీధిలోనో దుకాణం బాడుగకు తీసుకున్నవాళ్ళు ఈ మాట విని నవ్వుకోక మానరు. చట్టంలో అన్నిటికంటే తక్కువగా పాటించిన నిబంధన ఇదేననిపిస్తుంది.

ఖాళీ చేయించడానికి కారణాలను పదో సెక్షను లెక్కపెట్టి చెప్పింది. కావాలని అద్దె ఎగ్గొట్టడం, యజమాని అనుమతి లేకుండా మరొకరికి ఇవ్వడం, ఇంటిని పాడుచేయడం, తీసుకున్న పనికి కాక వేరే పనికి వాడటం, ఇరుగుపొరుగుకు కంటకంగా ఉండటం, యజమాని హక్కునే కాదనడం, యజమానికే నిజంగా ఆ ఇల్లు అవసరమవడం. ఒప్పందంలో గడువు అయిపోయిందన్న ఒక్క కారణంతో పంపేయడానికి వీలుండేది కాదు. అద్దెదారు చనిపోతే వెంట ఉన్న భార్యకో భర్తకో పిల్లలకో ఆ హక్కు దక్కేది. నీళ్ళు, కరెంటు ఆపి సాధించడం కూడా నిషిద్ధమే.

చివరి మాటకు విలువ తెలియాలంటే కొర్లగుంటలోనో బైరాగిపట్టెడలోనో ఒక మేడ ఊహించుకోవాలి. కింద ఓనరు కుటుంబం, పైన రెండు పోర్షన్లు. పోర్షనుకొక సబ్‌మీటరు. బోరు మోటారు స్విచ్చి మాత్రం కింద ఓనరమ్మ వంటింటి పక్కన. "వచ్చే నెలనుంచి వెయ్యి ఎక్కువియ్యాలమ్మా" అన్న మాటకు పైవాళ్ళు కాస్త నసిగారంటే మరుసటి రోజునుంచి మోటారు ఏడుకు బదులు తొమ్మిదికి వేస్తారు. పిల్లలు బడికి, మొగుడూ పెళ్ళాం పనికి వెళ్ళే సమయానికి కొళాయిలో చుక్క ఉండదు. దీన్ని ఏ కోర్టులో నిరూపిస్తారు? మోటారు వేశారుగా! మూడో నెలకు వెయ్యి ఇవ్వడమో సామాను సర్దుకోవడమో జరుగుతుంది. బాడుగ తగాదాల్లో చాలాభాగం కోర్టు గడప తొక్కకముందే ఇలా మోటారు స్విచ్చి దగ్గరే తేలిపోతాయి.

మనియార్డరు యుద్ధం

యజమాని పెంచిన అద్దె అడిగాడు, అద్దెదారు పాత అద్దె ఇవ్వబోయాడు, యజమాని తీసుకోలేదు. అప్పుడేం చేయాలి? 1960 చట్టంలోని ఎనిమిదో సెక్షను దీనికి మెట్టుమెట్టుగా దారి వేసింది. ముందు యజమానికి నోటీసు ఇచ్చి, అద్దె జమ చేయడానికి బ్యాంకు పేరు చెప్పమని అడగాలి. పది రోజుల్లో చెప్పకపోతే మనియార్డరు చేయాలి. కమిషను అద్దెలో మినహాయించుకోవచ్చు. అదీ తిప్పి పంపితే కంట్రోలరు దగ్గర డిపాజిట్ చేయాలి.

పాత తగాదాల కట్టలు విప్పితే పసుపు పట్టిన మనియార్డరు రశీదులు, "తీసుకొనుటకు నిరాకరించిరి" అని పోస్టుమ్యాన్ రాసి తిప్పిపంపిన ఫారాలు కనిపిస్తాయి. ఆ ఒక్క వాక్యం అద్దెదారుకు కవచం. డబ్బు ఇవ్వబోయాను, ఆయనే తీసుకోలేదు అని అది చెబుతుంది. ఈ మెట్లు ఎక్కకుండా "ఆయన తీసుకోలా, నేను ఊరుకున్నా" అని కూర్చున్నవాళ్ళు ఆరు నెలల తర్వాత కావాలని ఎగ్గొట్టినవాళ్ళుగా తేలి ఇల్లు పోగొట్టుకున్నారు. ఎగవేత కావాలని చేసింది కాదని కంట్రోలరు నమ్మితే బాకీ కట్టడానికి 15 రోజుల వరకు గడువు ఇచ్చే వీలుండేది. ఆ నమ్మకం కలిగించేది రశీదే. అద్దెకు రశీదు అడిగే హక్కు కూడా ఈ సెక్షనులోనే ఉండేది.

కంట్రోలరు తీర్పు నచ్చనివాళ్ళు అప్పీలుకు, ఆపైన హైకోర్టులో రివిజనుకు వెళ్ళేవాళ్ళు. ఒక్కో మెట్టు మీద ఏళ్ళు గడిచేవి. ఆలస్యం ఇల్లు వదలనివాళ్ళకు లాభం, అద్దె పెరగని యజమానికి నష్టం. యజమానుల గోడు కూడా వినాల్సిందే. ఉద్యోగం చేసినన్నాళ్ళూ కూడబెట్టి కట్టిన రెండు పోర్షన్లలో ఒకటి ముప్పై ఏళ్ళనాటి బాడుగకు చిక్కుకుపోతే, ఆ డబ్బు సున్నం వేయడానికి కూడా చాలదు. గోడ పెచ్చులూడుతుంది, యజమాని తలుపు తట్టడు, అద్దెదారు తనది కాని ఇంటికి డబ్బు పెట్టడు. 1940 సెప్టెంబరు నాటి అద్దెల దగ్గరే ఇళ్ళను కట్టేసిన బొంబాయి చట్టం గురించి సుప్రీంకోర్టు 1997లో మాల్పే విశ్వనాథ ఆచార్య కేసులో చెప్పిందీ ఇదే. మొదట న్యాయంగా ఉన్న నిబంధన కాలం గడిచేకొద్దీ అన్యాయం కాగలదని ఆ తీర్పు సారాంశం.

మినహాయింపుల దారి

1960 చట్టంలో మొదటినుంచీ ఒక కిటికీ తెరిచి ఉంది. 1957 ఆగస్టు 26న గానీ ఆ తర్వాత గానీ కట్టిన భవనాలకు ఈ చట్టం వర్తించదని 32వ సెక్షను చెప్పింది. కొత్త ఇళ్ళు కట్టేవాళ్ళను ప్రోత్సహించడం దీని ఉద్దేశం. పాతికేళ్ళు గడిచేసరికి ఊళ్ళలో చాలా ఇళ్ళు ఆ తేదీ తర్వాత కట్టినవే అయ్యాయి. మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో సుప్రీంకోర్టు 1983 అక్టోబరులో ఈ మినహాయింపును కొట్టేసింది. కొత్తగా ఉన్నప్పుడు ఇచ్చిన వెసులుబాటు భవనం పాతబడినా అలాగే కొనసాగడం సమానత్వ హక్కుకు విరుద్ధమని తేల్చింది. ఆ రోజుతో తిరుపతిలో యూనివర్సిటీ వచ్చాక పుట్టిన కాలనీలు ఒక్కసారిగా చట్టం నీడలోకి వచ్చాయి.

ఆ నీడ రెండు నెలలే నిలిచింది. 1983 డిసెంబరు 29న ప్రభుత్వం జి.ఓ. 636తో కొత్త మినహాయింపు తెచ్చింది. కట్టి పదేళ్ళు కాని భవనాలు, నెలకు 1,000 రూపాయలు దాటి అద్దె వచ్చే భవనాలు చట్టం బయటికి వెళ్ళాయి. 2005లో చట్టాన్నే సవరించారు. కట్టి 15 ఏళ్ళు కాని భవనాలకూ, నగరపాలక సంస్థల్లో నెలకు 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటి అద్దె ఉన్న భవనాలకూ నియంత్రణ లేదని రాశారు.

ఈ ప్రాంతానికి ఆ సవరణ ఎలా తగిలిందో చూడండి. 2005 నాటికి తిరుపతి, చిత్తూరు రెండూ మునిసిపాలిటీలే, అంటే హద్దు 2,000. తిరుపతి 2007లో, చిత్తూరు 2012లో నగరపాలక సంస్థలయ్యాయి. హద్దు 3,500కు మారింది. ఊరు పెద్దదైన సంతోషంలో ఈ సంగతి ఎవరూ గమనించి ఉండరు. గమనించినా పెద్ద లాభం లేదు, 2012 నాటికి 3,500కు కాస్త మంచి పోర్షను దొరకడమే కష్టం. హద్దును ధరల పెరుగుదలతో ముడిపెట్టకపోవడంతో ఏటా కొన్ని ఇళ్ళు వాటంతట అవే బయటికి జారిపోయాయి. ఇంకా విచిత్రం, 3,400 ఇస్తున్నవాళ్ళు యజమాని అడిగాడని మరో రెండొందలు పెంచడానికి ఒప్పుకుంటే, ఆ ఒప్పుకోలే వాళ్ళను చట్టం గీత దాటించేది. అన్యాయమైన పెంపును ఆపాల్సిన చట్టం ఆ పెంపుతోనే చెల్లకుండా పోవడం కంటే డొల్లతనం ఏముంటుంది? చట్టం కాగితం మీద రద్దు కావడానికి చాలా ముందే తిరుపతిలో బాడుగ నియంత్రణ ముగిసిపోయిందని చెప్పవచ్చు.

ఊళ్ళో గిరాకీ

తిరుపతిలో బాడుగలు ఎందుకు ఎక్కువన్నది కొండవైపు చూస్తేనే సగం అర్థమవుతుంది. ఏడుకొండలవాడి చుట్టూ దేవస్థానం ఉద్యోగులు, హోటళ్ళు, ట్రావెల్స్, పూలు, ప్రసాదాల సంచులు అమ్ముకునేవాళ్ళు వేల కుటుంబాలు బతుకుతున్నాయి. తక్కిన సగం చదువులు, ఆసుపత్రులు. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో, పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం 1983లో, స్విమ్స్ ఆసుపత్రి 1993లో, ఐఐటీ, ఐసెర్ 2015లో వచ్చాయి. 2011 జనగణనలో తిరుపతి నగరపాలక సంస్థ జనాభా 2,87,035. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా కేంద్రమై కలెక్టరు కచేరీతో మరికొన్ని ఉద్యోగ కుటుంబాలు ఇల్లు వెతుక్కున్నాయి. కొండకూ చెరువులకూ మధ్య ఊరు సాగే చోటు తక్కువ. పైగా కొన్ని ఇళ్ళు నెలబాడుగ మానేసి యాత్రికులకు రోజుబాడుగకు ఇచ్చే గదులయ్యాయి.

లాడ్జి గది, బోర్డింగు హౌసు గది బాడుగ చట్టం నిర్వచనంలోకి ఎన్నడూ రాలేదు. యూనివర్సిటీ చుట్టుపక్కల పేయింగ్ గెస్టు హాస్టళ్ళలో మంచానికింత అని కట్టే విద్యార్థికి పెంపు మీద అడిగే చట్టమే లేదన్నమాట. ఒక్క కరోనా కాలంలో మాత్రం కేంద్ర హోంశాఖ 2020 మార్చి 29న విపత్తు నిర్వహణ చట్టం కింద ఉత్తర్వు ఇచ్చింది. వలస కార్మికులనుంచి ఒక నెల అద్దె అడగవద్దని, కార్మికులను, విద్యార్థులను ఖాళీ చేయమని ఒత్తిడి చేస్తే చర్య తప్పదని చెప్పింది.

తిరుమల కొండమీది దుకాణాల వ్యవహారం వేరు. అక్కడ దేవస్థానం ఇచ్చేది లైసెన్సు. లైసెన్సుదారు చట్టం దృష్టిలో అద్దెదారు కాడు. మునిసిపాలిటీ కట్టిన దుకాణ గదులు కూడా ప్రభుత్వ ఆస్తి కాబట్టి 1960 చట్టానికి బయటే. వాటిని వేలంలో ఇచ్చి మూడేళ్ళకోసారి 33.33 శాతం పెంచి పొడిగించే పద్ధతి నడిచింది. ప్రైవేటు యజమాని అంత పెంచితే అన్యాయమనే నోళ్ళు ఇక్కడ మాట్లాడవు.

చిత్తూరులో గిరాకీ ఇంత లేదు. అది కచేరీల ఊరు. కలెక్టరేటు, జిల్లా కోర్టు, వ్యవసాయ మార్కెట్టు, బెల్లం, మామిడి గుజ్జు వ్యాపారం. గ్రీమ్స్‌పేట, మిట్టూరు, కొంగారెడ్డిపల్లె వైపు బాడుగ ఇళ్ళలో బదిలీల మీద వచ్చి వెళ్ళే ఉద్యోగులు ఎక్కువ. బదిలీ వచ్చినప్పుడు పాతవాళ్ళు వెళ్ళి కొత్తవాళ్ళు దిగుతారు, ఆ మధ్యలోనే బాడుగ పెరుగుతుంది. ఉన్నవాళ్ళ మీద పెంచడంకంటే వచ్చేవాళ్ళ మీద పెంచడం తేలిక.

పదకొండు నెలల కాగితం

ఇప్పుడు తిరుపతిలో ఇల్లు తీసుకుంటే సాధారణంగా జరిగేది ఇది. వంద రూపాయల స్టాంపు పేపరు, పదకొండు నెలల గడువు, గడువు తీరాక పది శాతం పెంచి కొనసాగించాలన్న ఒక వాక్యం, కింద ఇద్దరు సాక్షులు. జిరాక్సు షాపులో అచ్చయిన నమూనా ఉంటుంది, పేర్లు, అంకెలు మారుస్తారు.

పది శాతం వినడానికి చిన్నమాట. 8,000 బాడుగతో దిగితే మొదటి పెంపుతో 8,800, తర్వాత 9,680, ఆపైన 10,648, 11,713 అవుతూ ఐదో పెంపుకు 12,884 అవుతుంది. ఐదు పెంపులకు పట్టేది 55 నెలలు, అంటే ఐదేళ్ళు కూడా నిండకుండానే 61 శాతం పెరుగుదల. అదే ఐదు శాతమని రాసుకుంటే ఐదో పెంపుకు 10,210 దగ్గర ఆగుతుంది. గడువు పన్నెండు కాక పదకొండు నెలలు కావడంలోనూ ఒక మెలిక ఉంది. పదకొండేళ్ళలో పదకొండు పెంపులు రావాల్సింది పన్నెండు వస్తాయి.

అసలు ఈ పదకొండు నెలలు ఎక్కడినుంచి వచ్చాయి? 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ ఖర్చు తప్పించుకోవడానికి దేశమంతా పదకొండు నెలలు రాసుకోవడం అలవాటైంది. అయితే ఆంధ్రప్రదేశ్ 1999లో ఆ చట్టానికి సవరణ తెచ్చుకుంది. స్థిరాస్తి లీజు ఎంత గడువుదైనా రాతపూర్వకంగా ఉంటే రిజిస్టరు చేయాల్సిందేనని మార్చింది. కాబట్టి మన రాష్ట్రంలో పదకొండు నెలల కిటుకు పాతికేళ్ళ కిందటే చెల్లకుండా పోయింది. అలవాటు మాత్రం పోలేదు. రిజిస్టరు కాని పత్రాన్ని అందులోని షరతులకు రుజువుగా కోర్టు తీసుకోదు, ఫలానావారు అద్దెకు ఉన్నారన్నంత వరకు చూడవచ్చు. అంటే పది శాతం అని యజమాని రాయించుకున్నా, రెండేళ్ళ వరకు పెంచనని అద్దెదారు రాయించుకున్నా ఆ వాక్యం కోర్టు మెట్లెక్కదు. మిగిలేది నెలనెలా నడిచే అద్దె, 15 రోజుల నోటీసు.

2017 చట్టం

కేంద్రం నమూనా అద్దె చట్టం ముసాయిదాలు తయారుచేస్తున్న కాలంలోనే, 2017లో, ఆంధ్రప్రదేశ్ నివాస, నివాసేతర ప్రాంగణాల అద్దె చట్టం వచ్చింది. 1960 చట్టం స్థానంలో తెచ్చినది ఇది. తెలంగాణలో ఆ పాత చట్టమే కొనసాగుతోంది. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, ఉత్తరప్రదేశ్, అస్సాం తమ అద్దె చట్టాలను నమూనా చట్టం తీరులో మార్చుకున్నాయని కేంద్రం చెబుతూ వచ్చింది. తమిళనాడు కొత్త చట్టం 2019 ఫిబ్రవరి 22న అమలులోకి వచ్చింది. 1960లో విడిపోయిన తిరుత్తణి, చిత్తూరు మళ్ళీ ఒకే తీరు చట్టాల కిందికి చేరాయి.

ఈ తీరు చట్టాల మూలసూత్రం ఒక్కటే. అద్దె ఎంతన్నది ఇద్దరూ కుదుర్చుకున్నంత, పెంపు కూడా ఒప్పందంలో రాసుకున్నంత. ఒప్పందం రాతలో ఉండాలి. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా చట్టం ఇంకొన్ని హద్దులు చెప్పింది. నివాసానికి రెండు నెలలు, దుకాణానికి ఆరు నెలలు మించి అడ్వాన్సు తీసుకోరాదు. పెంపు ముందుగా రాసుకోకపోతే మూడు నెలల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. గడువు దాటినా ఖాళీ చేయనివాళ్ళు మొదటి రెండు నెలలకు రెట్టింపు, ఆపైన నాలుగురెట్లు కట్టాలి. నీళ్ళు, కరెంటు ఆపకూడదన్న పాత మాట ఇందులోనూ ఉంది, మోటారు స్విచ్చి గురించి మాత్రం ఎవరూ రాయలేదు.

1960 చట్టం అద్దెదారు సంతకం చేసిన కాగితాన్ని పక్కనపెట్టి అతన్ని కాపాడింది. కొత్త పద్ధతి ఆ కాగితాన్నే అతని రక్షణగా చూస్తుంది. ఇద్దరూ సమానమైన బలంతో కూర్చుని రాసుకుంటే ఇది బాగానే ఉంటుంది. జూన్‌లో పిల్లల బడి తెరిచేలోపు ఇల్లు దొరకాలన్న ఆత్రంలో ఉన్నవాళ్ళు, టులెట్ బోర్డుకు రోజుకు పదిమంది వస్తున్న యజమాని ముందు ఏపాటి బేరం చేస్తారు? ఇలాంటి బేరంలో జోక్యం చేసుకుంటూ బెర్లిన్ నగరం 2020లో అద్దెలను ఐదేళ్ళు బిగించింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టం చేసే అధికారం నగరానికి లేదని కొట్టేసింది. అక్కడ ఆ తగువు ఎన్నికల దాకా వెళ్ళింది. మన దగ్గర బాడుగ ఇప్పటికీ ఓనరుకూ బాడుగవాళ్ళకూ మధ్య గుట్టుగా నడిచే వ్యవహారమే, ఏ పార్టీ కరపత్రంలోనూ కనిపించదు.

ఇల్లు బాడుగకు తీసుకునేవాళ్ళు స్టాంపు పేపరు మీద సంతకం పెట్టేముందు ఆ పెంపు శాతం దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఐదేళ్ళకు లెక్క వేసి చూడండి. రిజిస్టరు చేయిద్దామని అడగండి, ఖర్చు చెరిసగం అనండి. నెలనెలా రశీదు తీసుకోండి, ఫోనులో పంపితే "ఫలానా నెల ఇంటి బాడుగ" అని రాసి పంపండి. తగవు ముదిరితే తిరుపతి, చిత్తూరు కోర్టు ఆవరణల్లో న్యాయసేవా సంస్థ ఉంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, తక్కువ రాబడి ఉన్నవాళ్ళకు అక్కడ వకీలు ఫీజు లేదు.